పసినాఁటి మూర్ఛ - పెరిగిన పిదప

నలువది యేండ్ల క్రిందట, 1983వ సంవత్సరమున, ఒకనాఁటి సాయంకాలము నడిగూడెము కోటగోడ ప్రక్క చింతచెట్టు క్రింద నేను కూర్చుండియుండఁగా, పొరుగూరివా రిద్దఱు నాయొద్దకు వచ్చిరి. వారు మా వీధిలోని యొక పిల్లను తమ యింటి కోడలిఁగాఁ జేసికొనవలెనని వచ్చినవారు. నేను బడిపంతులను. ఆ పిల్లకు నేనే అక్షరములు నేర్పితిని. వారిలో పెద్దవాఁడు మెల్లగా, "పంతులుగారూ, ఆ పిల్లకు చిన్నప్పుడు మూర్ఛ వచ్చెడిదఁట గదా, నిజమేనా?" అని యడిగెను. నేను, "నిజమే, వచ్చెడిది" అంటిని. వారు లేచి నమస్కరించి పోయిరి. ఆ సంబంధము తప్పిపోయెను.

నేను చెప్పినది అబద్ధము కాదు. కాని అది సత్యములో సగము. ఆ పిల్లకు ఏడవయేఁట మొదలైన మూర్ఛ పదుమూఁడవయేఁట ఆగిపోయినది. వారు నన్నడుగునాఁటికి ఏడేండ్లుగా ఒక్కమాఱైనను రాలేదు. ఆ రెండవ సగమును నే నేల చెప్పలేదు? నాకు దెలియక పోవుటచేతనే. చిన్ననాఁటి మూర్ఛ కొందఱికి వయసుతోఁ బోవుననియు, పోయినదానిని పోయినదని చెప్పవచ్చుననియు నేనెఱుఁగను. మూర్ఛ యన్నది ఒక్కమాఱు వచ్చినచో చచ్చువఱకు వెంటనుండు మచ్చ యని మన పెద్దలు తలఁచినట్లే నేనును తలఁచితిని. ఆ సగము మాటకుఁ బ్రాయశ్చిత్తముగా, ఈ వ్యాధి చరిత్రను, అది బిడ్డతోఁ బాటు పెరుగుచు మాఱు తీరును, నేఁడు మీకు విన్నవింపఁ దలఁచితిని.

మా నడిగూడెమునకు ఇట్టి పని క్రొత్త కాదు. మునగాల పరగణా నాఁడు చుట్టును నిజాము రాజ్యమే యుండఁగా నడుమ కృష్ణాజిల్లాకుఁ జెందిన చిన్న ద్వీపమువలె నుండెడిది. 1959లో నల్లగొండ జిల్లాలోఁ గలిసినది. ఆ సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, రాజా నాయని వేంకట రంగారావుగారి యాదరణతోను, మిత్రుల సహాయముతోను, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రయు, ప్రకృతిశాస్త్రమును ఇంగ్లీషు వచ్చినవారికే దక్కక తెలుఁగు చదివిన ప్రతివానికి నందవలెనని వారి పట్టుదల. వారి నీడలోఁ బెరిగిన గ్రామమువాఁడను గనుక, వైద్యుఁడను గాకపోయినను, వైద్యులు కనుఁగొన్నదానిని తెలుఁగునఁ జెప్పుటకు సాహసించుచున్నాను.

మొదట మన పూర్వుల మాట. చరకసంహితలో ఈ వ్యాధికి అపస్మారమని పేరు. స్మృతి తొలఁగుట యని యర్థము. వాతము, పిత్తము, కఫము, మూఁడును గలిసిన సన్నిపాతము అను భేదములచే చరకుఁడు దానిని నాలుగు విధములుగా విభజించెను. అందు సన్నిపాతమువలన వచ్చినదియు, చాలకాలము ముదిరినదియు అసాధ్యములని చెప్పెను. అనఁగా ఈ వ్యాధిని ముదరనీయక ముందే చికిత్స చేయవలెనన్న యెఱుక ఆ కాలముననే యున్నది. అంతకంటె గమనింపఁదగినది మఱియొకటి. సుశ్రుతసంహిత బాలగ్రహములను తొమ్మిదిగాఁ జెప్పుచు, అందొకదానికి స్కందాపస్మారమని పేరు పెట్టినది. బిడ్డ తెలివి తప్పుట, మరలఁ దెలివి వచ్చుట, కాలుచేతు లాడించుట, నోట నురుగు వచ్చుట దాని లక్షణములు. గ్రహము పట్టినదను మాటను మన మిప్పు డొప్పుకొనము. కాని పసిబిడ్డల మూర్ఛను పెద్దల మూర్ఛనుండి వేఱుచేసి చూచిన ఆ చూపు మాత్రము చక్కనిది.

గ్రీసుదేశమునను ఇట్లే జరిగినది. సుమారు 2,400 ఏండ్ల క్రిందట హిప్పోక్రటీసు అను వైద్యుని సంప్రదాయమువారు ఈ వ్యాధిని గుఱించి యొక గ్రంథము వ్రాసిరి. జనులు దీనిని దేవతల వలన వచ్చిన పవిత్రవ్యాధి యనుచుండఁగా, ఇది యితర వ్యాధులవంటిదే యనియు, దీనికి మూలము మెదడనియు వారు వాదించిరి. ఆ గ్రంథములో నా మనస్సు నంటిన సంగతి యొకటి కలదు. ఈ వ్యాధికి అలవాటుపడిన చిన్నబిడ్డ, అది రాఁబోవుచున్నదని తోఁచినంతనే భయముతో తల్లియొద్దకుఁ బరుగెత్తును. పెద్దవాఁడో, సిగ్గుచేత నలుగురు చూడని చోటికిఁ బరుగెత్తును. వ్యాధి యొక్కటే, కాని వయసుతో భయము పోయి సిగ్గు వచ్చినది. ఆ సిగ్గును బిడ్డకు నేర్పినవారము మనమే గదా! ఆ సంప్రదాయమువారే, యౌవనమునకు ముందు వచ్చిన మూర్ఛ మాఱవచ్చుననియు, ఇరువదియైదేండ్ల పిదప వచ్చినది ప్రాయికముగా మనుజుని విడువదనియు సూత్రము కట్టిరి. రెండవ మాట నేఁటి వైద్యమునకు నిలువదు. మొదటి మాట మాత్రము నేఁటికిని నిలిచినది.

తరువాత చాల శతాబ్దములు మందు లేక గడిచెను. మన పల్లెలలో వేపమండలు, తాయెత్తులు, చేతిలో తాళపుచెవులు, ముక్కునొద్ద ఉల్లిగడ్డ, కొన్నిచోట్ల ఎఱ్ఱఁగాఁ గాల్చిన యినుముతో పసిబిడ్డ పొట్టపై వాతలు - ఇవియే చికిత్సలు. ఐరోపావారు మనకంటె మేలుగా నుండిరని తలఁపవలదు. 1841లో ఇంగ్లండులో విలియం జేమ్సు వెస్టు అను వైద్యుఁడు తన కన్నకొడుకు వ్యాధిని గుఱించి ఒక వైద్యపత్రికకు లేఖ వ్రాసెను. నెలల బిడ్డ తలను మోకాళ్లమీఁదికి వంచుచు, మరల నిక్కుచు, వరుసగాఁ బలుమాఱు ఈడ్పులకు లోనగుచుండెను. ఆ తండ్రి జలగలు పట్టించెను, విరేచనములు చేయించెను, నల్లమందు నిచ్చెను. ఏదియు ఫలింపలేదు. బిడ్డ బుద్ధి యెదుగలేదు. ఇట్టి బిడ్డను మఱి యెవరైనను చూచిరా యని యాయన తోడి వైద్యుల నడిగెను. నేఁటికిని ఆ వ్యాధికి వెస్టుగారి పేరే నిలిచియున్నది.

మందుల చరిత్ర 1857లో మొదలైనది. ఆ యేఁట లండనులో చార్లెసు లోకాకు అను వైద్యుఁడు బ్రోమైడు అను లవణము మూర్ఛను తగ్గించునని ప్రకటించెను. తగ్గించినది నిజమే గాని, తిన్నవాఁడు మత్తుగా తూఁగుచుండెడివాఁడు. ఒడలెల్ల పొక్కులు లేచుచుండెను. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడు హౌప్టుమన్ను అను యువవైద్యుఁడు, రోగులకు నిద్రపట్టుటకై ఫినోబార్బిటోను ఇచ్చి చూడఁగా, వారి మూర్ఛలు తగ్గుట కనిపెట్టెను. 1938లో అమెరికాలో మెరిట్టు, పుట్నము అను నిద్దఱు, మత్తు గలిగింపకయే మూర్ఛ నాపగల ఫెనిటోయిను అను మందును వెలికిఁ దెచ్చిరి. పిమ్మట కార్బమజిపిను, వాల్ప్రోయేటు మున్నగునవి వచ్చెను. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము, తగిన మందు తగిన రీతిని వాడినచో నూటికి 70 మంది వఱకు మూర్ఛ లేకుండ బ్రతుకఁగలరు.

అయినను, ఏ బిడ్డకు వ్యాధి పోవును, ఏ బిడ్డకు పోదు అను ప్రశ్నకు మందు జవాబు చెప్పలేదు. దానికి వేఱొక సాధనము కావలసివచ్చెను. జర్మనీలో హాన్సు బెర్గరు అను వైద్యుఁడు మానవుని మెదడులో పుట్టు సన్నని విద్యుత్తరంగములను తలపై తీఁగలు పెట్టి కాగితముపై గీయించి, 1929లో ప్రకటించెను. మన పట్టణముల ఆసుపత్రులలో ఇ.ఇ.జి. యని చెప్పెడి పరీక్ష యిదియే. ఆ గీతలను చూచుచు, బిడ్డలను ఏండ్ల తరబడి వెంబడించుచు, వైద్యులు క్రమముగా నొక సత్యమును తెలిసికొనిరి. చిన్ననాఁటి మూర్ఛ ఒక్క వ్యాధి కాదు, అనేక వ్యాధుల గుంపు. ఒక్కొక్కటి ఒక్కొక్క వయసునఁ బుట్టును. కొన్ని ఆ వయసుతోడనే పోవును. కొన్ని రూపు మార్చుకొనును. కొన్ని కడవఱకు నుండును. ఎదుగుచున్న మెదడు పెరుగుచున్న చెట్టువంటిది. మొలకకుఁ బట్టు తెగులు వేఱు, మానునకుఁ బట్టు తెగులు వేఱు.

వయసువారిగా వినుఁడు. మొదటి యేఁట వచ్చు వెస్టుగారి వ్యాధి కఠినమైనది. బిడ్డ నిద్రలేచినప్పుడు వరుసగా ఉలికిపడినట్లు వంగుచుండును. తల్లులు దానిని కడుపునొప్పి యనుకొందురు. ఈ వంకరలు ఏండ్లు గడచిన కొలఁది తగ్గవచ్చును గాని, పెక్కుమందికి వేఱు రూపపు మూర్ఛ దాని తావున వచ్చును. ఇందు ప్రతిదినమును విలువైనది. త్వరగా చికిత్స మొదలిడిన బిడ్డకు బుద్ధి నిలుచుట కవకాశ మెక్కువ.

ఆఱు నెలలు మొదలు అయిదేండ్ల వఱకు వచ్చునవి జ్వరపు ఈడ్పులు. నూర్గురు బిడ్డలలో ఇద్దఱు మొదలు అయిదుగురికి ఇవి వచ్చును. చూచుటకు భయంకరముగా నున్నను ఇవి మూర్ఛవ్యాధి కాదు. 1976లో అమెరికాలో నెల్సను, ఎల్లెన్‌బర్గు అనువారు ఇట్టి 1,706 మంది బిడ్డలను ఏడేండ్ల వయసు వఱకు వెంబడించి చూడఁగా, నూటికి ఇద్దఱికి మాత్రమే తరువాత మూర్ఛవ్యాధి వచ్చినది. తక్కిన వారందఱు తేఱుకొనిరి. వాతలు పెట్టించినవారు, మంత్రము వేయించినవారు, తమవలననే బిడ్డ బాగుపడెనని యనుకొనుటకు ఇదియే కారణము. ఆ బిడ్డ ఏమియు చేయకున్నను బాగుపడెడివాఁడు. వాత మాత్రము ఒంటిపై మిగిలినది.

నాలుగేండ్లు మొదలు పదేండ్ల వఱకు మఱియొకటి. బడిలో బిడ్డ చదువుచు చదువుచు హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణములు శూన్యముగాఁ జూచి, మరల చదువును. క్రింద పడఁడు, నురుగు రాదు. దినమునకు పలుమాఱు ఇట్లగును. 1935లో అమెరికాలో గిబ్సు, డేవిసు, లెన్నాక్సు అనువారు ఇట్టి బిడ్డల మెదడుగీతలలో సెకనుకు మూఁడేసి చొప్పున లేచు ముల్లు వంటి యలలను జూచి, ఇదియు మూర్ఛయే యని నిరూపించిరి. మందు వలన ఇది బాగుగా లొంగును. పెక్కుమందికి పదునైదు, పదునాఱేండ్లకుఁ బోవును. కొందఱికి మాత్రము వేఱు రూపమున నిలుచును. నేను ముప్పదియేండ్లు పాఠము చెప్పితిని. పరధ్యానమని చెవి మెలిపెట్టిన పిల్లలలో ఇట్టివా రెందఱుండిరో యని యిప్పుడు తలఁచికొన్నచో చేయి వడఁకును.

మా వీధి పిల్లకు వచ్చినది మఱియొక విధము. రాత్రివేళ నిద్రలో, తెల్లవారుజామున, నోటికి ఒక ప్రక్క మాత్రము కొట్టుకొనును. చొల్లు కారును. తెలివి యుండియు మాట రాదు. ఒక్కొక్కప్పుడు ఒడలంతయు ఈడ్చును. 1958లో ఫ్రాన్సుదేశమున నైరాకు, బోసారు అను వైద్యులు దీనిని ప్రత్యేకముగా వర్ణించిరి. మూఁడేండ్లు మొదలు పదుమూఁడేండ్ల లోపల మొదలగును. పదునాఱేండ్లు వచ్చునప్పటికి ఇంచుమించుగా అందఱికిని పూర్తిగాఁ బోవును. కొందఱికి మందే యక్కరలేదు. నేను "నిజమే, వచ్చెడిది" అని చెప్పినప్పటికి, ఆ గ్రంథము వెలువడి ఇరువదియైదేండ్లు గడచినవి. కాని ఆ మాట ఫ్రాన్సునుండి నడిగూడెము చింతచెట్టు క్రిందికి రాలేదు.

ఇంతవఱకు విన్నవారు, "అట్లయిన పిల్లలు పెరిగినచో మూర్ఛ తానే పోవునన్నమాట, మందెందులకు?" అని యడుగవచ్చును. ఇక్కడనే ప్రమాదమున్నది. దానికి సాక్షి మఱియొక పిల్లవాఁడు. 1992 ప్రాంతమున మా బడిలో పదవతరగతి చదివెడివాఁడు. ప్రొద్దున లేచి పండ్లు తోముకొనునప్పుడు చేతిలోని చెంబు హఠాత్తుగా ఎగిరిపడెడిది. అన్నము ముద్ద చేతినుండి జాఱెడిది. రాత్రి మేల్కొని చదివిన మఱునాఁడు పెద్ద మూర్ఛ వచ్చెను. వైద్యుఁడు మాత్రలు వ్రాసియిచ్చెను. రెండేండ్లు చక్కఁగా నుండెను. ఇంటిపెద్దలు, "పెరిగినాఁడు, పోయినది, ఇంక ఈ మాత్రల కర్చెందులకు?" అని మాన్పించిరి. నేనును ఔనంటిని. నాలుగవ నెలలో వాఁడు ఒంటరిగా సాగరు ఎడమకాలువకు స్నానమునకుఁ బోయి మరలి రాలేదు. మోఁకాటిలోతు నీటిలోనే దొరికెను. ఈఁత వచ్చినవాఁడే.

వానికి వచ్చినది యౌవనారంభమునఁ బుట్టెడి జాతి. జర్మనీలో యాంట్సు అను వైద్యుఁడు 1957లో దీనిని స్పష్టముగా వర్ణించెను. మందునకు చక్కఁగా లొంగును. కాని మందు మానినచో పెక్కుమందికి మరల వచ్చును. నిద్రలేమి, మద్యము దీనికి శత్రువులు. ఆ పిల్ల వ్యాధియు, ఈ పిల్లవాని వ్యాధియు రెండును మూర్ఛయే. ఒకటి వయసుతోఁ బోయినది, ఒకటి వయసుతో వచ్చి నిలిచినది. రెండింటిని ఒక్కటే యనుకొన్న మా అజ్ఞానము, పోయినదానిని ఉన్నదన్నది, ఉన్నదానిని పోయినదన్నది.

ఇంక మన ప్రాంతమునకు సంబంధించినవి రెండు చెప్పవలెను. మన దేశమున బిడ్డలకు మూర్ఛ వచ్చుటకు నొక ముఖ్యకారణము బద్దెపురుగు గ్రుడ్లు. ఈ పురుగు కడుపులోనున్న మనుష్యుని మలము నుండి ఆ గ్రుడ్లు నీటికి, ఆకుకూరలకు, మురికిచేతులకు చేరి, నోటిద్వారా లోనికిఁ బోయి మెదడులో చిన్న తిత్తిగా నిలుచును. పందిమాంసము ముట్టని యింటి బిడ్డకును ఇది రావచ్చును. ఒకప్పుడు మెదడుచిత్రములలో కనఁబడు ఈ చిన్న గడ్డను క్షయ యని తలఁచి ఏడాదికిఁ బైగా క్షయమందు లిచ్చెడివారు. 1990 ప్రాంతమున వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు రాజశేఖరుగారు, చాందీగారు మున్నగు వైద్యులు, వీనిలోఁ బెక్కు బద్దెపురుగు తిత్తులేయనియు, ఒంటి తిత్తి చాలమందికి నెలలలో దానంతట నదే కరఁగుననియు తేల్చి చెప్పిరి. తిత్తి మచ్చ మిగులక కరఁగినచో ఆ బిడ్డ మూర్ఛయు చాలవఱకు పోవును. ఇట్టి మూర్ఛకు మందు ఆసుపత్రిలో నున్నది. నివారణ మాత్రము మన మరుగుదొడ్డిలోను, కడిగిన చేతిలోను, కడిగిన కూరలోను ఉన్నది.

రెండవది వేఁడినీళ్ల మూర్ఛ. తలపై కాఁగిన నీళ్లు చెంబులతో గుమ్మరించినప్పుడు మాత్రమే కొందఱు బిడ్డలకు మూర్ఛ వచ్చును. మన దక్షిణదేశమున, ముఖ్యముగా మైసూరు సీమలో, ఇది యెక్కువ. బెంగళూరు వైద్యులైన కె. యస్. మణిగారును వారి సహచరులును 1968లో దీనిని గుఱించి ప్రకటించిరి. నీటి వేఁడిమి తగ్గించి, గోరువెచ్చని నీటితో మెల్లగా స్నానము చేయించినచో చాలమందికి ఆగును. కొందఱికి మాత్రము పెరిగిన పిదప నీళ్లతో పనిలేకయే మూర్ఛ రావచ్చును. కావున వైద్యునకుఁ జూపుట మానరాదు.

ఇట్లు వ్యాధి వ్యాధికి దారి వేఱు. మొత్తము మీఁద ఎందఱు బాగుపడుదురో లెక్క తీసినవారు కలరా? కలరు. ఫిన్లండు దేశమున తుర్కు పట్టణమునకుఁ జెందిన మత్తి సిలన్‌పా అను వైద్యుఁడు 1961 మొదలు 1964 వఱకు మూర్ఛ గల 245 మంది బిడ్డలను గుర్తించి, వారు పెద్దలై, తలనెఱయు వఱకు వెంబడించెను. ఒక వైద్యుఁడు తన జీవితమంతయు ఇందుకొఱకే ధారవోసెనన్నమాట. 1998లో ఆయన బృందము ప్రకటించిన ఫలితములలో, పరీక్షించిన 176 మందిలో 112 మందికి అయిదేండ్లుగాఁ గాని అంతకుమించి గాని మూర్ఛ రాలేదు. అనఁగా నూటికి 64 మంది. వారిలో 83 మంది మందు సహితము మానినవారే. ఇది ఆశ.

2010లో ఆ బృందమే రెండవ లెక్క ప్రకటించినది. నలువది యేండ్లలో ఆ 245 మందిలో 60 మంది మరణించిరి. వారిలో 51 మంది మూర్ఛ తగ్గక నిలిచినవారు. నీటిలో మునిఁగి పోయినవారు ఆఱుగురు. ఆ యంకె చదివిననాఁడు మా కాలువయే నా కన్నులకు గట్టినది. ఇది హెచ్చరిక. ఆశను, హెచ్చరికను రెండింటిని రెండుచేతులఁ బట్టుకొన్నవాఁడే ఈ వ్యాధిని గుఱించి మాటలాడుట కర్హుఁడు.

మన చట్టమునకును ఇందొక చరిత్ర కలదు. 1955 నాఁటి హిందూవివాహచట్టములో మూర్ఛ మాట లేకుండెను. 1976లో సవరణ చేసి, మాటిమాటికి మూర్ఛ వచ్చెడివారు వివాహమున కర్హులు కారని చేర్చిరి. చింతచెట్టు క్రింద నే నా సగము మాట చెప్పిన కాలమున, పిచ్చిని మూర్ఛను ఒక్క త్రాసులోఁ దూఁచిన ఆ వాక్యము చట్టములో నుండెను. వైద్యులును, విజ్ఞులును పెక్కేండ్లు వాదింపఁగా 1999లో పార్లమెంటు దానిని తొలఁగించినది. నేఁడు మూర్ఛ వివాహమునకు చట్టరీత్యా అడ్డు కాదు. చట్టము తన తప్పును ఇరువదిమూఁడేండ్లకు దిద్దుకొన్నది. మన యరుగులమీఁది చట్టము ఇంకను దిద్దుకొనవలసి యున్నది.

2014లో ప్రపంచ మూర్ఛవైద్యసంఘమువారు మఱియొక మెట్టు ఎక్కిరి. మూర్ఛ యెప్పుడు పోయినదని చెప్పవచ్చునో నిర్ణయించిరి. వయసును బట్టి వచ్చెడి జాతియైనచో ఆ వయసు దాఁటినప్పుడును, తక్కినవారికి పదేండ్లు మూర్ఛ లేక, అందు కడపటి అయిదేండ్లు మందును లేక గడచినప్పుడును, వ్యాధి పరిహారమైనదని చెప్పవచ్చును. ఇంక నెన్నఁడును రాదని ప్రమాణము చేయుట కాదు. కాని ఆ మనుష్యుని "మూర్ఛరోగి" యని పిలుచు హక్కు మన కికమీఁద లేదని దాని భావము.

పెద్దలారా, ఊరిలో మీమాట చెల్లును గనుక ఈ నాలుగు సంగతులు మనవి చేయుచున్నాను. బిడ్డకు మూర్ఛ వచ్చినప్పుడు ప్రక్కకు త్రిప్పి పరుండఁబెట్టుఁడు. నోటిలో చెంచాగాని, నీళ్లుగాని, చేతిలో ఇనుముగాని పెట్టవలదు. కాలుచేతులు అదిమిపట్టవలదు. అయిదు నిమిషములు దాఁటినచో వెంటనే ఆసుపత్రికిఁ దీసికొనిపొండు. ఆ మూర్ఛ యెట్లు మొదలైనదో, ఏ వేళ వచ్చినదో గుర్తుంచుకొని వైద్యునకుఁ జెప్పుఁడు. వ్యాధి యే జాతిదో తెలియుటకు అదియే మొదటి ఆధారము.

మందును వైద్యుఁడు చెప్పక మాన్పింపవలదు. సాధారణముగా రెండేండ్లు మూర్ఛ లేకుండ గడచిన పిదప, జాతిని బట్టి, వైద్యుఁడే మెల్లమెల్లగా తగ్గించును. పెండ్లియీడు వచ్చిన ఆఁడుబిడ్డ గర్భము ధరింపక ముందే వైద్యుని యడిగి, గర్భమునకుఁ గీడుచేయని మందు నిర్ణయింపించుకొనవలెను. మూర్ఛ నిలిచియున్నవారిని కాలువకు, బావికి, చెరువునకు ఒంటరిగాఁ బంపరాదు. బడి మాత్రము మాన్పరాదు.

ఇంక ఆ పిల్ల సంగతి. సంబంధము తప్పిన రెండేండ్లకు ఆమె తండ్రి మఱియొక యూరివారితో మాటలాడెను. ఈమాఱు ఎవరును అడుగకముందే ఆయన తానే అంతయుఁ జెప్పెను. ఎప్పుడు మొదలైనదో, ఎప్పు డాగినదో, ఎన్ని యేండ్లు గడచినవో చెప్పెను. ఆ వరుని తండ్రి పట్టణములోని యొక వైద్యుని యడిగి వచ్చి, "మాకు సమ్మతమే" యనెను. ఆమె నేఁడు మనుమల నాడించుచున్నది. నాఁటినుండి నేఁటివఱకు ఒక్కమాఱైనను మూర్ఛ రాలేదు. కిందటి యుగాదికి నాకు నమస్కరింప వచ్చినది. నేను చెప్పిన సగము మాట ఆమె యెఱుఁగునో, యెఱుఁగదో. నేనడుగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ చింతచెట్టు ఇప్పుడు లేదు. కాని ఎవరైనను వచ్చి, "పంతులుగారూ, ఆ పిల్లకు చిన్నప్పుడు మూర్ఛ వచ్చెడిదఁట గదా?" అని యడిగినచో, నేనిప్పు డిట్లు చెప్పుదును: "వచ్చెడిది. ఏడవయేఁట వచ్చినది, పదుమూఁడవయేఁటఁ బోయినది. అది వయసుతో వచ్చి వయసుతోఁ బోవు జాతి. సందేహమున్నచో వైద్యు నడుగుఁడు. పిల్ల బంగారము." మిమ్ములను ఎవరైన నడిగినప్పుడు మీరును రెండవ సగమును మఱవవలదని వేఁడుచు విరమించుచున్నాను.